వాలిన అక్షరాలు

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఇంట్లో ఉన్నది మా మామ ఉర్దూ రాసిన పాత కలమే. ఏటవాలుగా చెక్కిన ఆ మొనతో నా తెలుగు ఒకవైపు లావుగా, ఒకవైపు వెంట్రుకంత సన్నగా, పక్కకు వాలి వచ్చేది. షామీర్‌పేటలో మా చర్చికి బోర్డు రాస్తానంటే మరదలు నవ్వింది.

"కల్లు తాగినయా వదినా, గీ అక్షరాలు?"

ఇక రాయొద్దనుకున్నాను. అప్పుడే మేడ్చల్ స్టేషన్‌లో, పక్కన కూర్చున్న అచ్చు ప్రెస్సు ఆయన తాను వేసిన ఒక నాటకం కరపత్రం విప్పాడు. పైన పేరంతా నా రాతలాగే ఉంది.

"గివి గూడ పడిపోతున్నయేంది?" అన్నాను.

"పడిపోతలేవక్కా, ఉరుకుతున్నయి. పుస్తకం నిండ గిట్లుంటే కండ్లు గుంజుతయి. దూరంకెల్లి మనిషిని పిల్వాలంటే మాత్రం గివే పెడ్తం."

ఆ ఆదివారానికి చర్చి బోర్డు నేనే రాశాను, ఇంకాస్త వాల్చి.