మెయిన్ ఆపేసిన వారం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మాఘమాసంలో అమలాపురం పెళ్లివారి పని ఒకటి నా చేతికొచ్చింది. పెళ్లికూతురి జాకెట్టు మీద నెమళ్లు కుట్టాలి. అప్పటికి అంబాజీపేటలో మా ఇంటి ముందుగదిలో ముప్ఫై ఏళ్లకు పైగా కుట్టుపని చేస్తున్నాను. మా పనిలో గుడ్డ కత్తిరించేవారు మాస్టర్, మిషన్ తొక్కేవారు టైలర్, హుక్కులు కుట్టేవారు హెల్పర్. నేను మాస్టర్‌ని. చదివింది మూడో తరగతి.

ఎదురింట్లో మా తోడికోడలు సత్యవతి. ఆమెకు కత్తెర పట్టడం నేర్పింది నేనే. ఇప్పుడు ఆమె బోర్డు నా బోర్డు కన్నా పెద్దది, ఆమె కంప్యూటర్ నా దానికన్నా కొత్తది. పెళ్లిళ్ల రోజుల్లో ఆమె గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులున్నాయో చూడందే నాకు కాఫీ సహించేది కాదు.

కంప్యూటర్ వర్కు అంటే ముందు బొమ్మను కంప్యూటర్‌లో కుట్లుగా మార్చాలి. దాన్ని పంచింగ్ అంటాం. తర్వాత పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఎంబ్రాయిడరీ మిషన్‌కు ఇస్తే అది కుడుతుంది. నెమళ్ల పంచింగ్‌కు ఐదు రోజులు పట్టింది. అది నా కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేదు.

ఆ వారం రోజూ పొద్దున్న తెర మీద చక్రం తిరిగేది, ఏదో ఇంగ్లీషు వచ్చేది, గంట గడిచాక గానీ పని మొదలయ్యేది కాదు. ఆరో రోజు నీలం తెర వచ్చి అక్కడే ఆగిపోయింది. అంతకుముందు సత్యవతి దారం రీలు అడగడానికి వచ్చి నా కంప్యూటర్ వంక అదేపనిగా చూసింది. దాని కళ్లు పడ్డాయని వీధిలో నలుగురికీ చెప్పాను.

మెకానిక్ నాలుగు రోజులు పడుతుందన్నాడు, డిజైన్లు దక్కుతాయని చెప్పలేనన్నాడు. పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది. "శుక్రవారానికి అవ్వదంటే చెప్పేయండి. సత్యవతిగారు చేస్తానన్నారండి."

పని పోవడం ఒకెత్తు, అది వీధి దాటి ఆ గుమ్మంలోకి పోవడం మరొకెత్తు. అందుకని నేనే వీధి దాటాను, ఒకసారి చూసిపెట్టమని అడగడానికి.

సత్యవతి వచ్చి తెర చదివింది. తను పదో తరగతి. "సాయంత్రం ఎలా ఆపుతారండి, అక్కా?" అని అడిగింది.

"ఆపమని నొక్కుతాను, వెంటనే గోడ మీద మెయిన్ తీసేస్తాను. కరెంటు ఊరికే వస్తుందా?"

"ఆయ్! అన్నం సగం ఉడికేక పొయ్యి ఆర్పేసి, బియ్యం మంచివి కావంటున్నారు. అప్‌డేట్ ఎక్కుతుండగా ఆపొద్దని అది రోజూ మొత్తుకుంటోందండి. కత్తెర సగంలో ఆపితే గుడ్డ వంకరపోతుందని నా వేళ్ల మీద స్కేలుతో కొట్టింది ఎవరండీ?"

నేను కీబోర్డు ఆమె వైపు జరిపాను.

నీలం తెరలోనే సగంలో ఆగిన అప్‌డేట్‌ను తీసేసే మార్గం ఉంది. సత్యవతి దాన్ని నొక్కింది. కంప్యూటర్ తెరుచుకుంది, నెమళ్లున్నాయి. ముందు నాచేత వాటిని పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, ఆ తర్వాతే అప్‌డేట్‌ను మళ్లీ మొదలుపెట్టింది. ముప్ఫై శాతం దగ్గర అంకె కదలలేదు. నా చెయ్యి స్విచ్చి వైపు పోతుంటే, సత్యవతి కుర్చీ లాక్కుని స్విచ్చిబోర్డుకి వీపు ఆనించి కూర్చుంది. "కూర్చోండి, అక్కా. ఇవాళ మాస్టర్ని నేనండి." రెండు గంటలు పట్టింది.

జాకెట్టు గురువారమే ఇచ్చాను. దిష్టి మాట మాత్రం వీధిలో వెనక్కి తీసుకోలేదు. ఆ పెళ్లికూతురి చెల్లెలి జాకెట్లు మరుసటేడు సత్యవతికే వెళ్లాయి.

నేర్చుకున్నవి రెండు. చేసిన డిజైన్ రెండు చోట్ల ఉండాలి. యంత్రం తన పని ముగించేదాకా మన పొదుపు దాని మీద చూపకూడదు. "తెర నల్లబడేదాకా ముట్టుకోరాదు" అని ఆ రోజు సత్యవతి రాసి అంటించిన కాగితం నేను పని మానేశాక కూడా స్విచ్చిబోర్డు మీదే ఉంది. దాని చేతిరాత నా రాత కన్నా గుండ్రంగా ఉంటుంది. అయినా చింపలేదు.