ఉప్పు తేలిన కొల్లేరు

ఏలూరులో ఫొటోల ప్రదర్శన పెడుతున్న మా మనవరాలు మొన్న వాటిని మంచమంతా పరిచి, "అమ్మమ్మా, ఇందులో సముద్రం ఏదో, ఎడారి ఏదో చెప్పు చూద్దాం" అంది. అలలు అలలుగా ఉన్నదాన్ని చూపించి సముద్రం అన్నాను. అది ఇసుకట. మనవరాలు నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు, ఆ రెండూ ఒక్కచోట కలిసిన ఏడాదిని నేను కళ్ళారా చూసినదాన్ని.

మాది పెదవేగి వైపు మెట్ట ఊరు, అత్తవారిది కొల్లేటి నడుమ లంక. పిల్లకి ఇక నీళ్ళ కరువు ఉండదని మా నాన్నగారు ఎంత మురిసిపోయారో! చంటిబిడ్డ చంకనున్న ఆ ఏడు వానలు మొహం చాటేసి, పడవలు తిరిగిన చోటే నేల నెర్రెలిచ్చింది. కొల్లేటి నీళ్ళని సముద్రంలోకి మోసే ఉప్పుటేరు వెంట సముద్రపు పోటు ఎగదన్ని, అది ఆరిపోయాక తెల్లగా ఉప్పు తేలింది; నా ఈడు వాళ్ళకి ఆ దుమ్ము అన్నంలో పడి కరకరలాడడం గుర్తుండే ఉంటుంది. ఊరి బావి కూడా ఉప్పబడ్డాక, గేదెను అమ్మేసి తాడేపల్లిగూడెంలో ఆడపడుచు ఇంటికి పోదామని అత్తగారు మూటలు కట్టారు. బిడ్డనేసుకుని ఒకరి పంచన కూర్చోవడం నావల్ల కాదనుకున్నాను. మా మెట్టలో ఎండిన ఏట్లో చెలమ తవ్వి నీళ్ళు తోడుకోవడం చిన్నప్పటి నుంచీ చేసిన పనే కదా అని, వాగు వచ్చి కొల్లేట్లో కలిసే చోట ఇసుక మేట వెతుక్కుంటూ పలుగు పట్టుకుని బయల్దేరాను.

"ఏమే, మీ పుట్టింటివాళ్ళేమన్నా అక్కడ నీళ్ళు పాతిపెట్టారా?" అన్నారు అత్తగారు.

"పెట్టారేమో, చూసొస్తానండీ" అన్నాను.

మొదటి గుంట ఉప్పు, దాని పక్కదీ ఉప్పే. వాగు వెంట ఇంకా పైకి జరిగి, అరచేతులు బొబ్బలెక్కేదాకా తవ్వాక ఊరిన నీళ్ళు దోసిట పట్టి తాగితే తియ్యగా ఉన్నాయి. ఇంటికొచ్చి బిందె దించాక అత్తగారు గుక్కెడు తాగి, మూటలు విప్పారు.

ఇది విని మనవరాలు ఊరుకుంటుందా, సముద్రానికీ ఎడారికీ మధ్యన పెట్టే ఫొటో ఆ చెలమదేనంటూ నన్ను కైకలూరు నుంచి ఆటోలో తీసుకెళ్ళింది. కనుచూపుమేరా చేపల చెరువులే. నా చెలమ ఏ గట్టు కింద పోయిందో ఆనవాలు చిక్కలేదు. అయినా వదలక ఆ చెరువుల నీళ్ళనే ఫొటో తీయించాను. ఎండకి నాలుక పిడచకట్టుకుపోతే ఇవి నోట పెట్టే నీళ్ళు కావంటూ చెరువుల కాపలా మనిషి తన మంచినీళ్ళ టిన్ను వంచి గ్లాసుడు నీళ్ళిచ్చాడు. పలుగు పట్టే పట్టుదల నాకింకా ఉంది గానీ, ఇన్ని నీళ్ళ మధ్య దాహమేస్తే ఎక్కడ తవ్వాలో మాత్రం ఇప్పుడు నాకు తెలియదు.