గుండ్రటి రాత

పాలమూరులో పుట్టినవాళ్లకు ప్రాజెక్టు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్దమనుషులు వచ్చి కొబ్బరికాయ కొడతారు, కాలువ తవ్విస్తారు, ఆ కాలువలో తుమ్మచెట్లు మొలుస్తాయి, నీళ్లు మాత్రం మనవల కాలానికి వస్తాయంటారు. అందుకే మా ఆయన వరండాలో విప్పి పెట్టిన పాత జీపును చూపించి “ఇది నా ప్రాజెక్టు” అన్న రోజున నాకు నవ్వాగలేదు. “అయితే మన మనవలు ముసలోళ్లైనంక ఎక్కుతరు” అన్నాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

అప్పుడు మేము గుజరాత్‌లో, సముద్రం ఒడ్డున ఒక ఓడరేవు ఊళ్లో ఉండేవాళ్లం. అచ్చంపేట దగ్గరి మా ఊరి నుంచి మేస్త్రీ వెంట మట్టిపనికి పోయినవాళ్లలో మా ఆయన ఒకడు. తట్టలు మోస్తూ, తీరిక దొరికితే మెకానిక్కులకు నట్లు విప్పే పానాలు అందిస్తూ, మెల్లగా తనే మెకానిక్కు అయ్యాడు. పదకొండేళ్లు అక్కడ ఉన్నాం. రెండు గదులు, ముందు చిన్న వరండా. ఆ వరండాలో నేను బట్టలు ఆరేసుకున్న పాపాన పోలేదు. కంపెనీ వాళ్లు పనికిరాదని అమ్మేసిన జీపు ఛాసిస్, చక్రాల మీద ఉత్త చట్రం, ఒకటి, దాని ఇంజను వేరే పెట్టెలో, రెండు పాత మోటారు సైకిళ్ల ముక్కలు గోనెసంచుల్లో. పప్పు తాలింపు వేసినా డీజిల్ వాసనే వచ్చేది. నాకు సవతి లేని లోటు అవి తీర్చాయి. వాటికి నేను పెట్టిన పేరు పాత ఇనుము. “పాత ఇనుము దగ్గరనే పండుకుంటవా, తినెతందుకు లేస్తవా?” అని రోజూ అడిగేదాన్ని. ఆయన నవ్వేవాడు తప్ప ఒక్కసారి కూడా కోప్పడలేదు.

ఆరేళ్లు ప్రతి ఆదివారం ఆ ఇంజను ముందు కూర్చున్నాడు. అరిగినదల్లా మార్చాడు, తుప్పు గీకాడు, ఛాసిస్‌కు నల్లరంగు వేశాడు. బాడీకి ఆకుపచ్చ రంగు వేస్తానని డబ్బా కొని దాచాడు. తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, ఇక ఇంటికి పోదామన్నాడు. అచ్చంపేటలో చిన్న షెడ్డు వేసుకుంటాడట. నల్లమల చూడవచ్చేవాళ్లను, అడవి అంచు పల్లెల వాళ్లను ఈ జీపులో తిప్పుతాడట. “నలభై ఐదు వచ్చినయి. ఇంక ఒకని కింద పని చెయ్య” అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ మనిషి తన కోసం కోరుకున్నది అదొక్కటే.

ఇల్లు, జీపు, మోటారు సైకిళ్లు, అన్నీ ఒకేసారి రావాలంటే లారీ పనికిరాదన్నాడు. ఓడల మీద వచ్చే ఇనుప డబ్బా, కంటైనర్ అంటారు, దాన్ని కిరాయికి మాట్లాడాడు. ట్రైలరు మీద మన వాకిట్లోకి వస్తుంది, మనమే నింపుకోవాలి, తలుపుకు సీలు వేస్తారు, రైలు మీద హైదరాబాద్ దాకా పోతుంది, అక్కడ మళ్లీ ట్రైలరెక్కి మా ఊరికి వస్తుంది. నింపడానికి ఒక పద్ధతి ఉందట. ఇంటి సామాను ముందు లోపలికి పోవాలి, కప్పు దాకా పేర్చాలి, సందుల్లో పరుపులు కుక్కాలి. చక్రాల మీద ఉన్న ఛాసిస్‌ను చివరన పలకల మీదుగా ఎక్కించి, చక్రాలకు అడ్డంగా చెక్కలు కొట్టి, తాళ్లతో బిగించాలి. అంటే దించేటప్పుడు తలుపు తీయగానే ముందుగా దిగేది అదే.

జాగా చాలలేదు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి గేర్‌బాక్సు పెట్టె, ఒకటి నా కుట్టుమిషను. రెండింట్లో ఒక్కటే పడుతుంది. “ఊర్ల కొత్తది కొనిస్త” అంటూ మిషనును పక్కింటి గుజరాతీ ఆమెకు ఇచ్చేశాడు. తొమ్మిదేళ్లు ఆ మిషను తొక్కి ఆ వీధి ఆడవాళ్లందరి జాకెట్లు కుట్టాను. అది ఆమె గడప దాటి లోపలికి పోయేదాకా చూసి, మా తలుపు ధడాలున వేశాను.

ఆ కోపంలో ఉండగానే నా చేతికి చాక్‌పీసు ఇచ్చాడు. “ఏ పెట్టెల ఏమున్నదో నువ్వే రాయి, నీ రాత మంచిగుంటది” అన్నాడు. నిజమే, నా రాత గుండ్రంగా ఉంటుంది. బళ్లో నల్లబోర్డు మీద నాచేతనే రాయించేవారు. బియ్యం డ్రమ్ము మీద సామాను అని రాశాను. బట్టల మూటకు కట్టిన అట్ట మీద సామాను. దేవుని పటాల పెట్టె మీద, ఇనుప బీరువా మీద, పచ్చళ్ల పెట్టె మీద సామాను. ఆ పచ్చళ్ల పెట్టెలోనే తన ఆకుపచ్చ రంగు డబ్బా కూడా దూర్చాడు, దానికీ ఒక మాట అన్నాను. ఆ తరువాత ఆయన వస్తువుల వంతు వచ్చింది. ఇంజను పెట్టె మీద రాశాను, పాత ఇనుము అని. గేర్‌బాక్సు పెట్టె మీద ఇంకా పెద్దగా రాశాను. మోటారు సైకిళ్ల గోనెసంచుల మీద, బాడీ రేకుల మీద, చివరికి ఆయన నున్నగా నల్లరంగు వేసుకున్న ఛాసిస్ మీద కూడా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా.

తాళ్లు బిగించి వచ్చి చూశాడు. చేతి గ్రీజు లుంగీకి తుడుచుకుంటూ నవ్వాడు. నాకే ఎందుకో సిగ్గేసి, తుడుస్తానన్నాను.

“ఉండనీ తియ్యి, నీ కసి తీరనీ” అన్నాడు. “గింత దూరంల తెలుగు సదివెటోడు ఎవడున్నడు?”

దారి పొడవునా ఎవరూ లేరు, నిజమే. చదివేవాళ్లు ఇంటి దగ్గర ఉన్నారు.

డబ్బా సోమవారం చేరుతుందన్నారు. మేము ఆదివారానికి చేరేట్టు టిక్కెట్లు తీసుకున్నాం. కాని అది శనివారం పొద్దున్నే మా ఊళ్లో దిగింది, మేమింకా మహారాష్ట్రలో రైల్లో ఉన్నాం. బావ, అంటే మా ఆయన అన్న, ఫోన్ చేశాడు. ఊళ్లో గొర్లు, కొద్దిగా చేను, మా అత్తమ్మ, అన్నీ ఆయన చూసుకునేవాడు. మా ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టాడు కాబట్టి నాకూ వినిపించింది.

“తమ్మీ, గివ్వాళ శనివారం. పాత ఇనుము ఇంటికి తేవద్దు గదరా. డ్రైవరేమో జల్ది ఖాళీ చెయ్యుమంటుండు. ఏం జెయ్యాలె?”

నేను పెట్టిన పేరు బావ నోట్లోకి అప్పుడే ఎట్లా వచ్చిందా అని నాకు నవ్వొచ్చింది. మా ఆయన మోచేత్తో పొడిచాను కూడా.

“ఒక్క రాత్రి ఎక్కడన్న భద్రంగ పెట్టు అన్నా. రేపు పొద్దుమీకేసరికి నేనొస్త” అన్నాడు ఆయన. అంతలో సిగ్నల్ పోయింది.

మా వైపు శనివారం నాడు ఇనుము ఇంట్లోకి రానివ్వరు. మేకు కొన్నా, గొడ్డలి కొన్నా ఆదివారందాకా ఆగుతారు, లేకుంటే శని వెంట వస్తుందంటారు. ఆ సంగతి నాకు తెలియక కాదు. నేనూ ఆ ఇళ్లలోనే పెరిగాను. అయితే మేము దిగేసరికి మా ఇనుప బీరువా ఇంట్లో ఉంది, ఇనుప మంచం ఇంట్లో ఉంది, గ్యాసు పొయ్యి కూడా ఉంది. వాటికి లేని శని జీపుకే ఎందుకొచ్చిందని బావను అడిగాను.

“అవి సామాను గదమ్మా” అన్నాడు బావ, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. “సామానని రాసున్నయన్ని ఇంట్ల దించినం. పాత ఇనుమని రాసున్నయి ముందుగాలనే దుకాణంల దించి పెట్టిచ్చిన.”

అచ్చంపేట పొలిమేరలో ఉన్న పాత ఇనుము దుకాణం అది. దాని యజమాని బావ దగ్గర గొర్లు కొనే మనిషి. దుకాణంలో బరువులు దించడానికి చైన్‌పుల్లీ ఉంది, చుట్టూ కంచె ఉంది. ఛాసిస్‌ను దించే వీలు ఊళ్లో ఇంకెక్కడా లేదు. తమ్ముడు భద్రంగా పెట్టమన్నాడు, భద్రంగానే పెట్టించానన్నాడు బావ. ఆయన లెక్కన అందులో తప్పేమీ లేదు. ఇప్పటికీ ఆయనకు అదే లెక్క.

మా ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఆటో మాట్లాడుకుని నేనూ వెంట పోయాను.

దుకాణం యజమాని కొల్లాపూర్‌లో చుట్టాల ఇంట్లో దినాలకు ఆ ఆదివారం తెల్లవారకముందే వెళ్లాడట. మా సామాను సంగతి పనివాళ్లకు చెప్పడం మరిచాడు. పనివాళ్లు పొద్దున్నే వచ్చారు, కొత్తగా వచ్చిన సరుకు చూశారు, చదివారు, పనిలోకి దిగారు. ఛాసిస్‌ను గ్యాసుతో మూడు ముక్కలుగా కోశారు. ఇంజనును సమ్మెటతో పగలగొట్టి బీడు, అంటే పోత ఇనుము, ఒక పక్కకు, ఇనుము ఒక పక్కకు వేశారు. బాడీ రేకులు మడతలు పడి ఉన్నాయి. మోటారు సైకిళ్లు ఏవో నేను గుర్తుపట్టలేకపోయాను.

మా ఆయన ఆ బీడు ముక్కల ముందు గొంతుకూర్చున్నాడు. ఒక పిస్టన్ ఏరి, మసి తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాడు. నేను మాత్రం కనిపించిన పనివాడి మీద పడ్డాను. అడగకుండా ఎట్లా కోస్తారని, చూస్తే తెలియదా అని నోటికొచ్చిందల్లా తిట్టాను. అతను నడివయసు మనిషి. అన్నీ విని, కళ్లద్దాలు పైకి తోసుకుని, మెల్లగా చెప్పాడు.

“మాకు చెప్పినోళ్లు లేరక్కా. దానిమీదనే రాసున్నది. నాకు సదువొస్తది, నేనే సదివిన. గుండ్రంగ, మంచిగ రాసిండ్రు.”

కోసిన ఛాసిస్ ముక్క ఒకటి అతని కాళ్ల దగ్గరే పడి ఉంది. దాని మీద ‘ఇను’ అన్నంతవరకే ఉంది. తక్కిన అక్షరం ఇంకో ముక్క మీదికి పోయింది.

ఇంటికి వచ్చాక బావతో నేను పెట్టుకున్న తగాదా ఊరంతా వింది. శని రావద్దని బయట పెట్టించావు, ఇప్పుడు ఇంటి నడుమ పీట వేసుకుని కూర్చుంది చూసుకో అన్నాను. ఆయన తల వంచుకుని గొర్లదొడ్డి వైపు పోయాడు. నాకు కావలసింది ఆయన జవాబు కాదు. తిట్టడానికి ఎవరో ఒకరు లేకపోతే ఆ తిట్లు నా మీదికే తిరిగి వస్తాయని నాకు తెలుసు.

అత్తమ్మ కొడుకు తల నిమిరి ఏడ్చింది. “మన రాత గట్లున్నది కొడుకా. ఏం జేస్తం.”

మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె వైపు కాదు, నా వైపు చూశాడు.

“రాత మంచిగనే ఉన్నదమ్మా” అన్నాడు. “అందరికి సమజైంది.”

అందులో కోపం లేదు. కోపం ఉంటే నేనూ నాలుగు మాటలని, ఏడ్చి, తేలికపడేదాన్ని. ఆ తరువాత ఆయన జీపు మాట ఎత్తలేదు, షెడ్డు మాట ఎత్తలేదు. పరామర్శకు వచ్చినవాళ్లంతా రాత, రాత అంటూనే ఉన్నారు. ఒక్కొక్కరు ఆ మాట అన్నప్పుడల్లా నా కుడిచేతిని కొంగు కింద దాచుకున్నాను.

ఆరు నెలలకే మళ్లీ మూట కట్టాం. నల్లగొండ వైపు, మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీకి రాయి తోలే టిప్పర్లున్నాయి. వాటికి మెకానిక్కుగా, మళ్లీ ఒకని కిందనే కుదిరాడు. ఇప్పుడూ ఇక్కడే ఉన్నాం. ఇక్కడి వరండా పెద్దది, ఖాళీగా ఉంటుంది. బట్టలు ఎంతసేపైనా ఆరేసుకోవచ్చు, కాకపోతే ఫ్యాక్టరీ దుమ్ము పడి మళ్లీ ఉతకాల్సి వస్తుంది. అన్న మాట ప్రకారం, ఊళ్లో ఉన్న ఆ ఆరు నెలల్లోనే నాకు కొత్త కుట్టుమిషను కొనిచ్చాడు. దాన్ని తొక్కినప్పుడల్లా ఏదో ఒకటి గుర్తొచ్చి, దారం తెగుతుంది.

మేళ్లచెరువుకు బయలుదేరిన రోజు పెట్టెల మీద రాయడానికి నేను చాక్‌పీసు వెతుకుతుంటే, “నువ్వుండు” అన్నాడు. పచ్చళ్ల పెట్టెలోంచి ఆకుపచ్చ రంగు డబ్బా తీశాడు. పుల్లకు గుడ్డపేలిక చుట్టి, వంకర టింకర అక్షరాలతో తనే రాసుకున్నాడు. నా కొత్త మిషను మూత మీద సామాను అని రాశాడు. బీరువా మీద, మంచం మీద సామాను.

రైల్లో తన వెంట తెచ్చుకున్నందుకు పానాల పెట్టె ఒక్కటి మాత్రం ఆనాడు దుకాణానికి పోకుండా బతికింది. దాని మీద కూడా రాశాడు. ఇక్కడికి వచ్చి దించుకున్నాకే చూశాను. పాత ఇనుము.

ఆయన పనికి పోయాక తడిగుడ్డ తెచ్చి తుడిచాను. పోలేదు. కిరోసిన్ పోసి రుద్దాను. నేను రాసింది చాక్‌పీసుతో, ఒక్క చెయ్యి ఊపితే పోయేది. ఆయన జీపుకని కొన్న రంగుతో రాశాడు.