జవాబు చెప్పని ఎంక్వైరీ

ఎంక్వైరీ అక్కయ్య నోట్లో నువ్వుగింజ నానదు. అది ఆవిడ తప్పు కాదులెండి, చేసిన ఉద్యోగం అలాంటిది. పదకొండేళ్ళు బస్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుంది. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చేతిలో సంచీ వాలకం చూసి ఏ బస్సు కావాలో పసిగట్టి, పాపం అతను నోరు తెరిచేలోపే "మూడో నంబరు, పదింపావుకి" అనేసేది. ఆ పేరు తోటి ఉద్యోగులు పెట్టిందే.

ఒకరోజు తండ్రి భుజం మీదున్న ఓ పిల్ల కిటికీలోంచి తొంగిచూసి, బస్సు టైర్లన్నీ నల్లగానే ఎందుకుంటాయని అడిగింది. మొదటిసారి అక్కయ్య దగ్గర జవాబు లేకపోయింది. ఆ పూటంతా వచ్చే పోయే టైర్లు చూస్తూ కూర్చుంది. జవాబు దొరకలేదు గానీ ఆ వెతుకులాట ఆవిడకెంత నచ్చిందంటే, సెలవు పెట్టి సైన్సు టీచరు శిక్షణలో చేరిపోయింది.

చేరాక తెలిసింది అసలు సంగతి. అక్కడా ఎంక్వైరీయే, కాకపోతే తలకిందులు. పిల్లలే ప్రశ్న వెయ్యాలి, పిల్లలే చేసి చూసి తేల్చుకోవాలి. టీచరు దారి చూపాలే తప్ప జవాబు అందించకూడదు. శిక్షణ పాసవ్వాలంటే బడిపిల్లలకి చెప్పి చూపించాల్సిన మూడు పరీక్ష పాఠాల్లో అక్కయ్య రెండుసార్లు బోల్తా కొట్టింది. అయస్కాంతం పాఠంలో పిల్లలు గుండుసూదుల డబ్బా మూత తీసేలోపే ఏవి అతుక్కుంటాయో, ఏవి అతుక్కోవో ఏకరువు పెట్టేసింది. నీడల పాఠం నాలుగు నిమిషాల్లో ముగించేసింది. మిగతా ముప్ఫై ఆరు నిమిషాలూ తను పిల్లల మొహాలు, పిల్లలు తన మొహం చూస్తూ గడిపారు.

మూడోది ఆఖరిది. అదీ పోతే సెలవు అయిపోతుంది, మళ్ళీ ఆ కిటికీయే గతి. శిక్షణ ఇచ్చే మేష్టారు ఆవిడ రాసుకున్న పాఠం తిరగేసి, పిల్లల ప్రశ్నల పక్కన గుండ్రటి అక్షరాలతో నింపిన జవాబుల గడిని నిలువునా కొట్టేశారు.

"ఈ గడి ఖాళీగా ఉంచడం నేర్చుకోండమ్మా. మిగతావన్నీ మీకు వచ్చు," అన్నారు.

ఇంట్లో మొగుడు వంటింటి గుమ్మానికి ఆనుకుని, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని నవ్వాడు. అక్కయ్య పట్టించుకోలేదు. మందపాటి స్టీలు గ్లాసులో ఐసు, నీళ్ళు పోసి అత్తగారి ముందు పెట్టింది. కాసేపటికి గ్లాసు బయట బొట్లు పట్టాయి. కారుతోంది, పాతసామాన్లవాడికి వేసెయ్యమంది అత్తగారు. కాదని చెప్పబోయి అక్కయ్య ఆ మాట మింగేసింది.

"కారుతోందో లేదో ఎలా తెలుస్తుంది అత్తయ్యా?"

"నన్నడుగుతావేంటే? చదువుకుంటోంది నువ్వా, నేనా?"

అలిగి వెళ్ళిన పెద్దావిడ అరగంటకి బట్టల నీలిమందు పట్టుకుని వచ్చింది. గ్లాసులో నాలుగు చుక్కలు వేసి, బయట శుభ్రంగా తుడిచి, కళ్ళజోడు సవరించుకుని కాపలా కూర్చుంది. లోపల నీళ్ళు నీలంగా ఉన్నాయి, బయట మళ్ళీ పట్టిన బొట్లకి రంగే లేదు. కారితే నీలంగా ఉండాలి కదా అని గ్లాసుని నిలదీసింది. అక్కయ్యకి అత్తగారు ముద్దొచ్చింది. అప్పటికప్పుడే పాఠం కొత్తగా రాసుకుంది. జవాబుల గడి వదిలేసి, బల్ల మీద ఏమేం ఉంచాలో, పిల్లలు ఏమంటే తను తిరిగి ఏం అడగాలో మాత్రమే రాసింది.

పరీక్ష రోజు మేష్టారు మార్కుల కాగితంతో చివరి బెంచీలో కూర్చున్నారు. గ్లాసు కారుతోందని పిల్లలూ అన్నారు. నీలిమందుతో ఆ మాట వీగిపోయింది. అంచు మీదుగా పొంగిందన్నారు. రెండు జడల పిల్ల ఒకతె గ్లాసు మీద ప్లేటు మూసింది. అయినా బొట్లు పట్టాయి. ఆ పిల్లకి కోపమొచ్చి ఉన్న నీళ్ళన్నీ పారబోసి, లోపలా బయటా తుడిచేసింది. ఖాళీ గ్లాసు మీద కూడా సన్నటి తడి కమ్మింది. క్లాసంతా గగ్గోలు. ముప్ఫై మొహాలు అక్కయ్య వైపు తిరిగాయి.

"మీరు చెప్పండి టీచర్."

చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. గాలిలో ఉన్న తడే చల్లటి గ్లాసుకి తగిలి బొట్లవుతుంది. ఎంతసేపు చెప్పడం! చెప్పకపోతే తనకేమీ రాదనుకుంటారేమోనని భయం కూడా వేసింది. నిజంగానే నాలుక కరుచుకుని, గ్లాసు చుట్టూ ఏముందో చూడమంది. ఏమీ లేదన్నారు. గాలి ఉంది కదా అంది రెండు జడల పిల్ల, తనకే నమ్మకం లేనట్టు.

గంట కొట్టారు. ఒక్కరూ లేవలేదు. గాలిని పరీక్షించడం ఎలా, సీసాలో పెట్టి మూసేస్తే సరిపోతుందా అని వాదులాడుకుంటున్నారు. రెండు జడల పిల్ల బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మీకు తెలుసు కదా టీచర్?"

అక్కయ్య తలూపింది.

"అయితే రేపు కూడా చెప్పకండి. మేమే కనుక్కుంటాం."

అక్కయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు విప్పకుండానే మళ్ళీ తలూపింది. మేష్టారు కాగితం మీద పాస్ అని రాసి, సంతకం పెట్టి, పిల్లల మధ్యకి వచ్చి ఖాళీ గ్లాసుని వేలితో తడిమి చూశారు.