ఒకే ఒక్క కుదుపు

తోటి అంబులెన్సు డ్రైవర్లు అతన్ని నిండుకుండ అని పిలిచేవారు. పందొమ్మిదేళ్ళ సర్వీసులో అతని బండెక్కిన రోగి కుదుపు తగిలి మూలిగింది లేదు. రోగుల బంధువులు మాత్రం ఊరుకుంటారా? యాక్సిలరేటర్ ఉన్నదే జోరుగా పోవడానికని వాళ్ళ నమ్మకం.

“ఎనభైలో పోయినా ఒకే తీరుగా, తిన్నగా పోతే పడుకున్నవాడికి తెలియదమ్మా,” అని ఓపిగ్గా చెప్పేవాడు. “ఇరవై నుంచి నలభైకి ఒక్కసారి దూకామా, ఒళ్ళు హూనమే. వేగంతో పేచీ లేదు, అది మారడంతోనే పేచీ. సడన్ బ్రేకు కొట్టినా, విసురుగా మలుపు తిప్పినా అదే దెబ్బ. చదువుకున్నవాళ్ళు దాన్ని త్వరణం అంటారు.”

పరాయివాళ్ళకి చెప్పడం ఎంతసేపు! ఆ రోజు స్ట్రెచర్ మీద ఉన్నది సొంత తమ్ముడు. గోడకి రంగు వేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. నడుం దగ్గర వెన్నుపూస విరిగిందనీ, ఏమాత్రం కదిలినా కాళ్ళు పడిపోతాయనీ చెప్పి పెద్దాసుపత్రికి పంపారు. వేరే డ్రైవర్ని పిలుస్తామన్నారు గానీ, ఇంకొకడి చేతికి బండి ఇస్తే ఒట్టు అన్నాడతను.

“బావగారూ, తొందరగా పోనివ్వండి! మీకు దణ్ణం పెడతాను,” అంటోంది పక్క సీట్లో మరదలు. పది నిమిషాల నుంచీ అదే మాట.

పచ్చలైటు పడింది. తెలిసిందంతా ఏ గంగలో కలిసిందో, బలంగా తొక్కేశాడు. బండి ముందుకి దూకింది. వెనక తమ్ముడు కెవ్వుమన్నాడు.

“అన్నా, మెల్లగా!” అని నర్సు అరిచింది.

అక్కణ్ణించి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాడు. లారీలు సైతం దాటిపోయాయి. “పరాయివాడైనా ఇలా ఈడ్వడు!” అని మరదలు ఏడ్చింది. అతనికి వెనక మూలుగు వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. “దారిలో కుదుపులేమైనా తగిలాయా?”

“లేదండీ, మా బావగారు చాలా నెమ్మదిగా...” అంటోంది మరదలు.

“ఒకటి తగిలింది,” అన్నాడతను. “సిగ్నల్ దగ్గర. నా తప్పే.”

డాక్టరమ్మ తమ్ముడి ఎడమ బొటనవేలు నొక్కింది. “తెలుస్తోందండీ,” అన్నాడు తమ్ముడు. మరదలు కళ్ళు తుడుచుకుంది. అతనికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

“ఇప్పుడు కుడికాలు.”

గదిలో అందరూ ఆ వేలినే చూస్తున్నారు. తమ్ముడు ఒక్కడే పైకప్పుని చూస్తున్నాడు.

“నొక్కండి డాక్టర్ గారూ,” అన్నాడు తమ్ముడు.

డాక్టరమ్మ నొక్కుతూనే ఉంది.