సన్నాయి విద్వాంసుడి దవడ నొప్పి

రెండేళ్ల కిందట, మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే ముందు సంగతి. వినుకొండలో నా దంతవైద్యశాలకి ఖాసిం గారు భార్య మీరాబీతో వచ్చారు. ఇద్దరూ పెళ్లిళ్లకి సన్నాయి వాయిస్తారు. పేరు మోసింది ఆయన. ఆవిడది ఎప్పుడూ పక్క సన్నాయే.

"కుడిపక్క దంతాలు రెండూ పీకెయ్యండమ్మా. చెవిదాకా లాగేస్తోంది. వచ్చే వారం నుంచి వరసగా పెళ్లిళ్లు" అన్నారాయన.

చిగుళ్లు కాస్త ఎర్రగా ఉన్నాయి. క్లీనింగ్ చేస్తే సరిపోతుంది. పళ్ల మీద తట్టి చూశాను, ఎక్కడా నొప్పి లేదు. ఎక్స్‌రేలోనూ ఏమీ లేదు. చెవి ముందు వేళ్లు ఆనించి నోరు తెరవమన్నాను. లోపల టిక్కుమంది, ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు. అది టీఎంజే, అంటే కింది దవడ పుర్రెతో కలిసే కీలు. ఏళ్ల తరబడి దవడ బిగబట్టి ఊదడంతో అలిసి వాచింది. చిగుళ్ల నొప్పయితే చాలామంది వేలు పెట్టి చోటు చూపిస్తారు. కీలు నొప్పి నమిలినా, ఆవులించినా పళ్లలోకీ చెవిలోకీ పాకుతుంది.

"పళ్లు పీకితే పళ్లు పోతాయి, నొప్పి పోదు. కొన్నాళ్లు సన్నాయి ఆపాలండీ" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. "ఒప్పుకున్న పెళ్లిళ్లమ్మా. మాట పోతుంది."

మీరాబీ కుర్చీ దగ్గరకి జరిగింది. "నేను ఊదుతాను. మీరు తాళం వేయండి."

ఆయన నా వైపు తిరిగారు. "దీని ఊపిరి నాకంటే నిలకడండీ. జనానికి తెలీదంతే" అన్నారు.

పళ్ల మధ్య పెట్టుకునే స్ప్లింట్ చేసిచ్చాను. వేడి కాపడం, మెత్తటి తిండి చెప్పాను.

ఆ నెలలోనే మా నర్సు చెల్లెలి పెళ్లికెళ్లాను. పందిట్లో మీరాబీ ఊదుతోంది. పక్కన ఖాసిం గారు తాళాలు పట్టుకుని కూర్చున్నారు. పెళ్లిపెద్ద ఒకాయన గట్టిగానే అడిగాడు: "ఏం ఖాసిం గారూ, మీరు వాయించరా?"

"ఈ ముహూర్తాలన్నీ ఆవిడవేనండీ. ముందు వినండి!"

కాసేపటికి వంటల దగ్గరి వాళ్లు కూడా వచ్చి నిలబడి విన్నారు.

వేసవి దాటాక ఆయన నొప్పి తగ్గింది. మెల్లగా మళ్లీ ఊదుతున్నారు. ఇప్పుడు ఒక పెళ్లికి ఆయన ముందుంటే మరో పెళ్లికి ఆవిడ.

విశ్రాంతి రాయడం నాకు ఒక్క మాట. ఆ బరువు ఇంట్లో మరొకరు ఎత్తుకోవాలి. అందుకే ఇప్పుడు చీటీ రాసే ముందు, రోగి పక్కన కూర్చున్న మనిషితో కూడా మాట్లాడుతున్నాను.