సాఫ్ ఉన్నదా?

చేవెళ్ల రేడియో మేస్త్రీని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బాగుచేసిన కారు రేడియో సాఫ్‌గా పలుకుతోందని ఓనరు నోటితో చెప్పేదాకా తాళం ఇచ్చేవాడు కాదు.

అరవై తొమ్మిది ఉద్యమంలో నేను మొయినాబాద్ పటేల్ కారు తోలేవాణ్ణి. ఆయన కొడుకు ఊరేగింపుకని పట్నం వెళ్లిన రోజే కారు రేడియో మూగబోయింది. మేస్త్రీ కాలిన ఫ్యూజు మార్చగానే వార్తలు మొదలయ్యాయి. పట్నంలో విద్యార్థుల మీద కాల్పులు జరిగాయట. చనిపోయినవాళ్ల పేర్లు చెప్పలేదు.

పటేల్ చేయి చాచాడు. "తాళం ఇయ్యి మేస్త్రీ, నా కొడుకు ఆడనే ఉన్నడు."

మేస్త్రీ రేడియో శబ్దం ఇంకా పెంచాడు. "సాఫ్ ఉన్నదా లేదా, పటేలా? నోటితోని చెప్పాలె."

"సాఫ్ ఉన్నది" అన్నాడు పటేల్, ఏడుస్తూ.

అప్పుడు తాళం నా చేతిలో పెట్టి, "రేపు నా పని మీద మాట రావద్దు గద" అన్నాడు మేస్త్రీ.